‘సీ.’ అన్న ఒక్క అక్షరం చాలదా?

తెలుగు రాతకు తేలిక గుర్తుల పద్ధతి పనికిరాదనే వాదం ఒకటి మన మిత్రబృందంలో తరచుగా వినబడుతూ ఉంటుంది. మాటకు రెండు వైపులా నక్షత్రాలు పెడితే బొద్దు అక్షరాలు కావడం, పంక్తి మొదట చిన్న గీత పెడితే జాబితా కావడం ప్రోగ్రాములు రాసేవారి ముచ్చటలనీ, కథలూ పద్యాలూ రాసుకొనేవారికి వర్డు వంటి పెద్ద పనిముట్టే శరణ్యమనీ ఆ వాదం. దానికి సరిగ్గా ఎదురు నిలిచేది ఇంకొకటి ఉంది. గుర్తులు పదికి మించరాదు, ఆ పదింటిలో ఇమడనిదేదైనా ఉంటే అది మీ రాతలోని లోపమే కాని పనిముట్టులోని లోపం కాదు అంటుంది ఆ రెండో పక్షం. నాకు ఈ ఇద్దరితోనూ పేచీ ఉంది. మొదటివారు తెలుగువాడి అలవాట్లను తక్కువగా అంచనా కడుతున్నారు. రెండోవారు తెలుగు భాష స్వభావాన్నే లెక్కలోకి తీసుకోవడం లేదు.

ముందు మొదటివారి సంగతి. మామూలు జనం గుర్తులు వాడలేరని అనేవారు ఒక్కసారి మా ఐరాలలో ఎవరి చేతిలోనైనా ఉన్న ఫోను చూడాలి. పాలకేంద్రం కబుర్లూ, కాణిపాకం బ్రహ్మోత్సవాల సమయాలూ, బడి పిల్లల పరీక్షల తేదీలూ వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటాయి. ముఖ్యమైన మాటకు అటూ ఇటూ నక్షత్రం పెడితే అది బొద్దుగా కనబడుతుందన్న సంగతి వారిలో చాలామందికి తెలుసు. ఆ సదుపాయం 2016లో వచ్చింది. ఎవరూ తరగతులు పెట్టి నేర్పలేదు. ఒకరు పెట్టింది చూసి ఇంకొకరు పెట్టారు. తేలిక గుర్తుకు ఉండవలసిన మొదటి లక్షణం అదే. చూసినవాడికి బోధపడాలి, బోధపడినవాడు వెంటనే వాడగలగాలి.

అయినా ఇది మనకు కొత్త విద్య కాదు. వావిళ్లవారి పుస్తకమో మరొకరి అచ్చుప్రతో తీసి ఏదైనా ప్రబంధం తెరవండి. పద్యం ముందు ‘ఉ.’ అని ఉంటుంది, లేదా ‘చ.’, ‘కం.’, ‘సీ.’, ‘తే.’, ‘ఆ.’ అని ఉంటుంది. వచనానికి ‘వ.’ ఉంటుంది. ఇంతకన్నా తేలికైన మార్కప్ ప్రపంచంలో ఎక్కడుందో నాకు చూపించండి. ఒక్క అక్షరం, పక్కన ఒక చుక్క. ఆ ‘ఉ.’ చూడగానే చదువరికి నాలుగు పాదాలనీ, పాదానికి ఇరవై అక్షరాలనీ, పదో అక్షరం దగ్గర యతి అనీ, రెండో అక్షరం ప్రాస అనీ తెలిసిపోతుంది. ‘సీ.’ అంటే పెద్ద పాదాలు నాలుగు రెండేసి ముక్కలుగా విరిగి ఎనిమిది పంక్తులవుతాయనీ, తరువాత తేటగీతో ఆటవెలదో తప్పక వస్తుందనీ తెలుస్తుంది. ఒక గుర్తు లోపల ఇంకొక గుర్తు ఉండడమనే చిక్కు విషయాన్ని కూడా మనవాళ్లు ఎత్తుగీతితో సునాయాసంగా నడిపించారు.

ఇందులో గమనించవలసింది మరొకటి ఉంది. ‘సీ.’ అన్నది పద్యం ఎలా కనబడాలో చెప్పదు. అక్షరాల ఎత్తు ఎంత, ఎడమ పక్క ఎంత జాగా వదలాలి, ఏ రంగు వేయాలి అన్న ప్రసక్తే లేదు. అది ఏమిటో మాత్రమే చెబుతుంది. మిగిలినది అచ్చు వేసేవాడు చూసుకొంటాడు. అందుకే వంద యేళ్ల కింది అచ్చులోని పద్యాన్ని నేడు ఫోను తెర మీదికి తెచ్చినా ఆ గుర్తు చెల్లుతూనే ఉంది.

అలాగని గుర్తులు ఎంత తగ్గితే అంత మంచిదనే రెండో పక్షంవారితో చేయి కలపలేను. వారికి సమాధానం మా జిల్లాల్లోనే, తిరుమల కొండ మీదనే ఉంది. 1503లో కన్నుమూసిన అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి కోవెలలోని భాండాగారంలో భద్రపరిచారు. రేకుల మీద ప్రతి కీర్తనకూ రాగం పేరు ఉంది. తాళం పేరు లేదు, స్వరం లేదు. చెక్కినవారి కాలంలో ఆ పాటలు పాడేవారు కళ్లెదుటే ఉన్నారు కనుక రాగం పేరొక్కటీ చాలుననిపించి ఉంటుంది. పాడే పరంపర తెగిపోయాక మిగిలింది మాటలూ, రాగం పేరూ మాత్రమే. నేడు మనం వింటున్న వరుసల్లో అధికభాగం ఇరవయ్యో శతాబ్దిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు కొత్తగా కట్టినవి. గుర్తు పెట్టినది నిలిచింది, పెట్టనిది పోయింది. సరళత పేరుతో గుర్తును వదిలేసేవారు ఈ లెక్క మనసులో ఉంచుకోవాలి. సరళతకు వెల ఉంది, ఆ వెలను కట్టేది మనం కాదు, మన తరువాత చదివేవారు.

ఇప్పుడు మన కాలపు పనిముట్ల దగ్గరికి వద్దాం. జాన్ గ్రూబర్ 2004లో మార్క్‌డౌన్‌ను విడుదల చేశాడు. దాని రూపకల్పనలో ఆరన్ స్వార్ట్జ్ తోడ్పాటు ఉంది. ఈమెయిళ్లలో జనం అప్పటికే వాడుతున్న అలవాట్లనే గుర్తులుగా తీసుకొన్నాడు. రాసినది అలాగే చదివినా చదవగలిగేలా ఉండాలన్నది ఆయన సూత్రం. గుర్తుల్లో ఇమడని దానికి నేరుగా హెచ్‌టీఎంఎల్ రాసుకోవచ్చునని ఒక తలుపు కూడా తెరిచి ఉంచాడు. ఇంతవరకు నాకు ఏ ఆక్షేపణా లేదు. ఆక్షేపణ ఎక్కడంటే, ఆ అలవాట్లన్నీ ఇంగ్లీషు వచనానివి. పద్యాన్నీ, తెలుగు విభక్తినీ ఆ చట్రంలో కూర్చోబెట్టేసరికి గుర్తులు ఎదురు తిరుగుతాయి.

మా ఊళ్లో ఒక అయ్యవారు ఉన్నారు. బడిలో పాఠాలు చెప్పి విరమించుకొన్నాక వినాయకుడి మీద శతకం రాసుకొన్నారు. వారి నోటుపుస్తకాలను నేను కంప్యూటరులోకి ఎక్కించి ఒక ఉచిత గూటిలో పెట్టాను. అక్కడ పంక్తి విరిస్తే విరిగినట్టే కనబడేది. కొన్నాళ్లకు దానిని మార్క్‌డౌన్‌తో నడిచే మరొక గూటికి తరలించవలసి వచ్చింది. తీరా చూస్తే పాదాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి పేరాలైపోయాయి. సీసం కింద కాస్త లోపలికి జరిపి రాసిన తేటగీతులేమో ప్రోగ్రాము ముక్కలనుకొని, గళ్ల అక్షరాలతో బూడిదరంగు పెట్టెల్లో కూర్చున్నాయి. అయ్యవారు ఫోనులో చూసి, “ఏం నాయనా, నా సీసాన్ని వచనం చేసేస్తివే!” అన్నారు. ఆయన కోపంతో అనలేదు. కాని ఆ మాటకు నా దగ్గర ఉన్న సమాధానం ఏమిటి? ప్రతి పాదం చివరా రెండు ఖాళీలు వదలాలని మార్క్‌డౌన్ నియమం. కంటికి కనబడని గుర్తు అది! కనబడనిదాన్ని దిద్దడమెలా? తరువాత వచ్చిన కామన్‌మార్క్‌లో పంక్తి చివర వెనక్కి వాలిన గీత పెట్టే వీలు కల్పించారు. అది కనీసం కనబడుతుంది. అయినా నూరు పద్యాల శతకంలో ప్రతి పాదానికీ ఒక గీత తగిలించమనడం న్యాయమేనా? నాలుగు ఖాళీలు వదిలితే అది ప్రోగ్రామే అని తీర్మానించినవారికి పద్యమనేది ఒకటుందన్న స్ఫురణ కలగలేదన్నమాట.

ఇంకా సూక్ష్మమైన చిక్కు విభక్తుల దగ్గర ఉంది. ఇంగ్లీషులో మాట తరువాత సాధారణంగా ఖాళీయో విరామచిహ్నమో వస్తుంది. తెలుగులో మాటకు ‘లో’, ‘కి’, ‘తో’, ‘ని’ అంటుకొనే వస్తాయి. రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్ అనే పద్ధతిలో ముగింపు నక్షత్రం తరువాత ఖాళీయో విరామచిహ్నమో ఉంటే తప్ప గుర్తు పారదు. *కన్యాశుల్కం*లో అని రాస్తే నక్షత్రాలు అలాగే మిగిలిపోతాయి, మధ్యలో ఒక వెనక్కి వాలిన గీతా ఒక ఖాళీ పెట్టి దానిని బతిమాలుకోవాలి. కామన్‌మార్క్ ఇంతకన్నా నయం. ఆ మాటకు నక్షత్రాలు చక్కగా పనిచేస్తాయి. కాని నక్షత్రానికి బదులు కిందిగీత వాడి _కన్యాశుల్కం_లో అంటే పనిచేయదు. ప్రోగ్రాముల్లోని పేర్ల మధ్య కిందిగీతలు వస్తాయి కనుక వాటిని కాపాడడానికి పెట్టిన నియమమది. ఇక గ్రంథం పేరును ఉద్ధరణ చిహ్నాలతో కలిపి “కన్యాశుల్కం”లో అని రాశామా, మళ్లీ భంగమే. ముగింపు నక్షత్రాలకు ముందు విరామచిహ్నమూ వెనుక అక్షరమూ ఉంటే అవి ముగింపు కావని అక్కడి సూత్రం. నక్షత్రాలను ఉద్ధరణ చిహ్నాల లోపలికి జరిపితే సర్దుకొంటుంది. పదాల మధ్య ఖాళీలు వదలని చైనావారికీ జపానువారికీ కూడా ఇదే బాధ. ఇంతమందికి బాధ కలిగించే నియమాన్ని సరళం అని ఎలా అంటాం? అది ఒక భాషకు మాత్రమే సరళం.

అంతేకాదు, ఒక నక్షత్రం పెడితే మార్క్‌డౌన్‌లో వాలు అక్షరాలు వస్తాయి. తెలుగు లిపికి వాలు అక్షరాల సంప్రదాయమే లేదు. మన గుండ్రని అక్షరాలను యంత్రం పక్కకు తోస్తే గాలివానకు ఒరిగిన పందిరిలా ఉంటుంది. మనం ఒక మాటను నొక్కి చెప్పాలంటే బొద్దు చేస్తాం, లేదా మాట చివర ఏకారం చేరుస్తాం. అదే ఒక నక్షత్రం వాట్సాప్‌లో బొద్దు చేస్తుంది. వికీలో పంక్తి మొదట నక్షత్రం పెడితే జాబితా అవుతుంది. వికీలో అంకెల జాబితాకు వాడే # గుర్తు మార్క్‌డౌన్‌లో శీర్షిక అవుతుంది. పేరా మొదట “1947.” అని చుక్క పెట్టామంటే అది పందొమ్మిది వందల నలభై ఏడో అంశంతో మొదలయ్యే జాబితా అయిపోతుంది. తెలుగు అంకెలతో ‘౧.’ అని రాస్తే మాత్రం జాబితా కాదు!

తెలుగుకు తగ్గట్టు సవరించడం అసాధ్యమని మాత్రం ఎవరూ అనకూడదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో [[కాణిపాకం]]లో అని రాయండి. ‘కాణిపాకంలో’ అన్న మొత్తం మాట లంకె అవుతుంది, వెళ్లేది ‘కాణిపాకం’ పేజీకే. కుండలీకరణం తరువాత అంటుకొని వచ్చే తెలుగు అక్షరాలను కూడా లంకెలో కలుపుకోవాలని ఆ సాఫ్టువేరులో తెలుగు కోసం ఒక చిన్న నియమం రాసి పెట్టారు. ఒక్క పంక్తి నియమం. మాట రూపమే మారిపోతే [[కాణిపాకం|కాణిపాకానికి]] అని నిలువుగీత పెట్టి రాసుకోవచ్చు. పదిలో ఎనిమిదిసార్లు రాసేవాడికి ఏ శ్రమా లేదు, మిగిలిన రెండుసార్లకు ఒక్క గీత. సరళతకూ వెసులుబాటుకూ పొందిక కుదిరిందంటే ఇలా ఉండాలి.

అదే వికీ మరొక వైపు ఎంత దూరం కొట్టుకుపోయిందో కూడా చెప్పుకోవాలి. మొదట నాలుగు గుర్తులు. తరువాత మాటిమాటికీ రాసేదాన్ని ఒకచోట పెట్టి పిలుచుకోవడానికి మూసలు వచ్చాయి. మంచిదే. 2006లో ఆ మూసల్లోకి ‘ఇలా అయితే అలా’ అనే షరతులు వచ్చాయి. మూసల్లో మూసలు, వాటిలో మళ్లీ మూసలు చేరి, మీసాల కుండలీకరణాలు గుత్తులు గుత్తులుగా వేలాడసాగాయి. ఆ బరువు మోయలేక 2013లో లువా అనే పూర్తి ప్రోగ్రామింగు భాషనే లోపలికి తెచ్చారు. అదే యేడు గుర్తుల్ని కంటికి కనబడనివ్వని విజువల్ ఎడిటరునూ జనం ముందు పెట్టారు. తేలిక గుర్తుల కోసం బయలుదేరిన బండి, గుర్తులను దాచిపెడితే తప్ప కొత్తవాడు ఎక్కలేని స్థితికి చేరిందన్నమాట. ఒక్కొక్క కోరికా న్యాయమైనదే. అన్నీ కలిసి అడవి అయింది.

అయితే గీత ఎక్కడ గీయాలి? నాకు తోచిన కొలబద్ద ఒకటి మనవారి అనుభవంలోనే దొరుకుతుంది. రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చిన ఆర్టీఎస్ పద్ధతిని కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ప్రచారంలోకి తెచ్చారు. తరువాత 2006లో వీవెన్ లేఖినిని ఇచ్చాక మనలో ఎందరో ఆ దారినే తెలుగు టైపు నేర్చుకొన్నారు. అందులో ‘ఆ’ రాయడానికి చిన్న ‘ఏ’ రెండుసార్లు కొట్టవచ్చు, పెద్ద ‘ఏ’ ఒకసారి కొట్టవచ్చు. రెండింటికీ వచ్చేది ‘ఆ’ ఒక్కటే. కాని చిన్న ‘టీ’ కొడితే ‘త’, పెద్ద ‘టీ’ కొడితే ‘ట’. అందులో సందేహానికి తావు లేదు. ఒక అర్థానికి రెండు దారులు ఉండడం సౌకర్యం. ఒక గుర్తుకు రెండు అర్థాలు ఉండడం ప్రమాదం. పనిముట్టు ఇవ్వవలసిన వెసులుబాటు మొదటి రకానిది. మార్క్‌డౌన్ పేరుతో తలొక రకంగా అర్థం చెప్పే పనిముట్లు పుట్టుకొచ్చింది రెండో రకం నుంచి. దానిని చక్కదిద్దడానికే 2014లో జాన్ మెక్‌ఫార్లేన్, జెఫ్ అట్‌వుడ్ ప్రభృతులు కామన్‌మార్క్ అనే నియమావళి రాయవలసి వచ్చింది.

ఇక రెండో కొలబద్ద. గుర్తుకు పేరు పెట్టే స్వేచ్ఛ రచయితకు ఉండాలి, లెక్కలు కట్టించే స్వేచ్ఛ అక్కరలేదు. ‘ఇది సీసం’ అని నేను చెప్పగలగాలి. ‘ఇది సీసమైతే, చదివేవాడు ఫోనులో ఉంటే, పంక్తి ఇన్ని అక్షరాలు దాటితే’ అంటూ రాతలోనే షరతులు పెట్టనక్కరలేదు. అవి అచ్చు వేసేవాడి పని. మెక్‌ఫార్లేన్ రాసిన పాన్‌డాక్‌లో ఈ తలుపు ఉంది. మూడు జంటచుక్కలు (:::) పెట్టి పక్కన పేరు రాసి, చివర మళ్లీ మూడు జంటచుక్కలతో మూసేస్తే, మధ్యనున్నదానికి ఆ పేరు దక్కుతుంది. పంక్తి మొదట నిలువుగీత పెడితే పాదం పాదంగానే నిలుస్తుంది, ముందు వదిలిన ఖాళీ కూడా చెక్కుచెదరదు. ఇవి పద్యం రాసేవాడికి అయిదు నిమిషాల్లో అబ్బుతాయి. వికీసోర్సులో వాడే పోయెమ్ ట్యాగు కూడా పంక్తులను కాపాడుతుంది. కాకపోతే దానికి పంక్తులు తెలుసు, పద్యం తెలియదు.

“యంత్రమే పద్యాన్ని గుర్తుపడుతుంది కదా, గుర్తు దేనికి?” అని కొందరు అడగవచ్చు. నిజమే, దిలీప్ మిరియాల గారి ఛందం వంటి పనిముట్టు గణాలు లెక్కపెట్టి ఇది ఉత్పలమాల అని చెప్పేస్తుంది. కాని ఒక పాదంలో గణం తప్పితే అది తప్పిన ఉత్పలమాలా, కావాలని రాసిన వచనకవితా అన్నది లెక్కకు అందదు. ‘ఉ.’ అన్న గుర్తు కవి ఉద్దేశాన్ని చెబుతుంది. ఉద్దేశాన్ని రాసినవాడే చెప్పాలి. “హెచ్‌టీఎంఎల్ ఉంది కదా, నేరుగా అదే రాసుకోండి” అనేవారికి నా జవాబు ఇంకా చిన్నది. మా అయ్యవారు రాయలేరు.

ఇదంతా చిలవలు పలవలు చేసి చెబుతున్నానని అనుకోవద్దు. తెలుగు 1991లోనే యూనికోడులో చేరినా, ఆ తరువాత యేళ్ల తరబడి మన పత్రికలు తమ సొంత ఫాంట్లతోనే నడిచాయి. ఈనాడును యూనికోడులో చదువుకోవడానికి వెన్న నాగార్జున గారి పద్మ కావలసి వచ్చింది. రాత ఏమిటన్నది కాక ఎలా కనబడుతుందన్నదే దాచిపెట్టినందువల్ల వచ్చిన అవస్థ అది. 2009లో జియోసిటీస్ మూతపడినప్పుడు ఉచిత గూళ్లు ఎంత శాశ్వతమో కూడా తేలిపోయింది. మనలో చాలామంది ఇప్పటికీ ఉచిత గూళ్లలోనే ఉన్నాం. రేపు మూట కట్టుకొని బయలుదేరవలసి వస్తే మన వెంట వచ్చేది సాదా పాఠమూ, దానిలో మనం పెట్టుకొన్న గుర్తులూ మాత్రమే. ఆ గుర్తులు నాలుగైనా గట్టివై ఉండాలి, వాటికి ఎక్కడికి పోయినా ఒకే అర్థముండాలి.

కాబట్టి పనిముట్లు తయారుచేసే మిత్రులకు నా విన్నపం మూడు ముక్కల్లో. విభక్తి అంటుకొన్నంత మాత్రాన గుర్తు చెడరాదు. పద్యంలో పంక్తి విరిస్తే విరిగినట్టే ఉండాలి. రచయిత తన ముక్కకు తెలుగులో ఒక పేరు పెట్టుకొనే తలుపు ఒక్కటి, ఒక్కటే, తెరిచి ఉండాలి. ఈ మూడూ ఇచ్చాక ఇంకేదీ చేర్చకండి, మేమే వచ్చి అడిగినా సరే. ఇక రాసే మిత్రులకు ఒక మాట. పనిముట్టు ఎలాంటిదైనా, పద్యం ముందు ‘సీ.’ అనో ‘కం.’ అనో రాయడం మానకండి. ఏ యంత్రమూ దానిని పట్టించుకోకపోయినా, చదివే మనిషికి అది అందుతుంది. దీనికి ఎదురు వాదం ఉన్నవారు తప్పక వినిపించండి, ముఖ్యంగా ‘పది గుర్తులు చాలు’ అనేవారు. ఒక సీసపద్యం మాత్రం వెంట తెచ్చుకోండి, ఆ పది గుర్తులతోనే పెట్టి చూద్దాం.